రుస్సీ మోడీ

రుస్సీ మోడీ (1918 జనవరి 17 – 2014 మే 16) జంషెడ్‌పూర్‌లోని టాటా ఉక్కు కంపెనీని దాదాపు ఇరవై ఏళ్లు నడిపిన కార్యనిర్వాహకుడు. పూర్తి పేరు రుస్తుంజీ హోర్మస్జీ మోడీ. 1939లో కింది మెట్టున కొలువులో చేరారు. 1974లో మేనేజింగ్ డైరెక్టర్, 1984లో ఛైర్మన్ అయ్యారు. 1993లో బోర్డు ఆయనను పదవి నుంచి తప్పించింది. తండ్రి సర్ హోమీ మోడీ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యుడు, రాజ్యాంగ సభ సభ్యుడు, స్వతంత్ర భారతంలో ఉత్తరప్రదేశ్ గవర్నరు. తమ్ముడు పీలూ మోడీ పార్లమెంటులో పేరుమోసిన ప్రతిపక్ష నాయకుడు. రుస్సీ మాత్రం ఎన్నికల బరిలోకి 80 ఏళ్ల వయసులో ఒకే ఒక్కసారి దిగి ఓడిపోయారు. అయినా ఆయన ఉద్యోగ జీవితాన్ని రాజకీయం నుంచి విడదీసి చూడలేం. మనుషులను పేరుపేరునా గుర్తుపెట్టుకోవడం, గోడు వినడం, అక్కడికక్కడే తేల్చి చెప్పడం, జనాన్ని తన వెనక నిలుపుకోవడం వంటి నాయకుడి విద్యలతోనే ఆయన ఒక కర్మాగారాన్ని నడిపారు. ఆయన గెలుపులకూ చివరి పతనానికీ కారణం ఈ విద్యలే.

ఇల్లు

హోమీ మోడీ (1881–1969) బొంబాయి పార్సీ సమాజంలోని పెద్దల్లో ఒకరు. 1921లో సర్ ఫిరోజ్‌షా మెహతా జీవిత చరిత్ర రాశారు. తరవాత బొంబాయి మిల్లు యజమానుల సంఘానికి అధ్యక్షుడయ్యారు, కేంద్ర శాసనసభలో కూర్చున్నారు. 1933లో లాంకషైర్ బట్టల మిల్లుల ప్రతినిధి వర్గంతో కుదుర్చుకున్న లీస్–మోడీ ఒడంబడిక ఆయనకు పేరూ తెచ్చింది, తిట్లూ తెచ్చింది. బ్రిటిష్ బట్టకు సుంకాల్లో వెసులుబాటు ఇచ్చినందుకు జాతీయవాదులు, అహ్మదాబాదు మిల్లుల వాళ్లు ఆయనను గట్టిగా తప్పుపట్టారు. పదేళ్ల తరవాత ఆయనే తన ఇంకో ముఖం చూపించారు. 1943 ఫిబ్రవరిలో గాంధీజీ ఆగాఖాన్ భవనంలో నిర్బంధంలో ఉండి 21 రోజుల నిరశన చేపట్టినప్పుడు, ప్రభుత్వ వైఖరి నచ్చక ఎం.ఎస్. ఆణే, నళినీ రంజన్ సర్కార్‌లతో కలిసి వైస్రాయి మండలికి రాజీనామా చేశారు. 1949 నుంచి 1952 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా ఉన్నారు. 1959లో రాజాజీ స్వతంత్ర పార్టీ పెట్టినప్పుడు ముందువరసలో నిలిచిన వారిలో ఆయన ఒకరు. ఆ పార్టీకి తొలి అధ్యక్షుడు మన ఆచార్య ఎన్.జి. రంగా. గుంటూరు జిల్లా రైతు నాయకుడూ బొంబాయి మిల్లుల పెద్దమనిషీ ఒకే వేదిక ఎక్కడం ఆ కాలపు విశేషాల్లో ఒకటి.

ఈ కథలో ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. హోమీ మోడీ 1930ల నుంచి టాటా సంస్థల్లో డైరెక్టరు కూడా. కొడుకుకు జంషెడ్‌పూర్ దారి చూపింది ఆ పరిచయమే. రుస్సీని ఏ అండా లేకుండా పైకొచ్చిన మనిషిగా చెప్పే కథలు చాలా ఉన్నాయి. అవి పూర్తి నిజం కావు. తలుపు తీసింది తండ్రి పేరు. లోపలికి వెళ్లాక ఎక్కిన మెట్లు మాత్రం ఆయనవే.

ముగ్గురు అన్నదమ్ముల్లో రుస్సీ పెద్ద. నడిపివాడు కాలీ వ్యాపారం వైపు వెళ్లారు. చిన్నవాడు పీలూ (1926–1983) వాస్తుశిల్పి. చండీగఢ్ నిర్మాణంలో ల కార్బూజియే వద్ద పనిచేశారు. 1967లో, 1971లో గుజరాత్‌లోని గోధ్రా నుంచి స్వతంత్ర పార్టీ తరఫున లోక్‌సభకు గెలిచారు. 1967 ఎన్నికల్లో ఆ పార్టీ 44 స్థానాలతో లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షంగా నిలిచింది. దేశంలో ఏం జరిగినా విదేశీ గూఢచారులదే పని అంటున్న పాలకులకు జవాబుగా, తాను సి.ఐ.ఎ. ఏజెంటునని రాసిన బిళ్ల మెడలో వేసుకుని పార్లమెంటుకు వచ్చిన మనిషి ఆయనే. జుల్ఫికర్ అలీ భుట్టో ఆయన బాల్యమిత్రుడు. ఆ స్నేహం మీద ఒక పుస్తకం కూడా రాశారు. ఎమర్జెన్సీలో జైలుకు వెళ్లారు. ఇందిరా గాంధీ ప్రభుత్వం తమ్ముణ్ని జైల్లో పెట్టిన ఆ రోజుల్లోనే, అదే ప్రభుత్వంతో అన్న బొగ్గుకూ ధరకూ లైసెన్సుకూ మాట్లాడుకోవలసి వచ్చేది.

చదువు, తొలి కొలువు

రుస్సీ ఇంగ్లండులోని హారో పాఠశాలలో, తరవాత ఆక్స్‌ఫర్డ్‌లోని క్రైస్ట్ చర్చ్ కళాశాలలో చదివారు. పియానో బాగా వాయించేవారు. ఆక్స్‌ఫర్డ్‌లో ఐన్‌స్టీన్ వయొలిన్‌కు ఆయన పియానో తోడు ఇచ్చారన్న కథ ఎన్నో వ్యాసాల్లో కనిపిస్తుంది. కాని తేదీలు చూస్తే ఇది నిలబడదు. ఐన్‌స్టీన్ 1933 అక్టోబరులో అమెరికా వెళ్లిపోయి మళ్లీ ఐరోపాలో అడుగుపెట్టలేదు. అప్పటికి మోడీ పదిహేనేళ్ల కుర్రవాడు, విశ్వవిద్యాలయంలో ఇంకా చేరలేదు. పదహారు గుడ్ల ఆమ్లెట్ తినేవారన్న మాట కూడా ఇలాగే ఆయన పేరుతో పాటు ప్రచారంలో ఉంది. ఆయనకు తిండి మీద మక్కువ నిజమే. చుట్టూ ఇన్ని కథలు అల్లుకోవడాన్ని ఆయన ఆపలేదన్నదీ నిజమే.

1939లో ఆయన దిగిన జంషెడ్‌పూర్ మామూలు ఊరు కాదు. 1907లో కంపెనీ పుట్టింది. సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట సాక్చి అనే పల్లె పక్కన కర్మాగారం లేచి, 1912లో తొలి ఉక్కు తీసింది. 1919లో ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. నీళ్లు, కరెంటు, రోడ్లు, ఆసుపత్రి, బడి అన్నీ కంపెనీవే. 1912లోనే ఎనిమిది గంటల పని, 1920లో భవిష్యనిధి, 1934లో లాభాల్లో వాటాగా బోనసు అక్కడ అమలయ్యాయి. చట్టాలు అడగకముందే ఇవన్నీ వచ్చాయి. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ ప్రాంతాల నుంచి రైలెక్కి వెళ్లి అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. బిష్టుపూర్‌లో తెలుగువాళ్లు కట్టుకున్న రామమందిరం నేటికీ ఆ వలసకు గుర్తుగా ఉంది. ఆ కుటుంబాల్లో మూడు తరాలు ఒకే ఫ్యాక్టరీ గేటు గుండా డ్యూటీకి నడిచాయి.

అక్కడి కార్మిక సంఘం మొదటి నుంచీ దేశ రాజకీయాలతో పెనవేసుకున్నదే. 1928 సమ్మె నాడు సుభాష్ చంద్రబోస్ దాని నాయకత్వం చేపట్టారు. ఆయన తరవాత వచ్చిన ప్రొఫెసర్ అబ్దుల్ బారీ కాంగ్రెస్ నేత. 1947లో హత్యకు గురయ్యారు. అటు తరవాత మైకేల్ జాన్ వచ్చి దీర్ఘకాలం సంఘాన్ని నడిపారు. అంటే ఆ ఊళ్లో సిబ్బంది వ్యవహారాలు చూసే అధికారి కూర్చునేది గుమస్తాల ముందు కాదు, ఆరితేరిన రాజకీయ నాయకుల ముందు. హోమీ మోడీ కొడుకుకు ఆ భాష కొత్తేమీ కాదు.

కార్మికుల మధ్య

మోడీకి అసలు పేరు తెచ్చింది 1950లలో చేపట్టిన సిబ్బంది శాఖ. 1956లో కంపెనీకీ టాటా వర్కర్స్ యూనియన్‌కూ మధ్య ఒక ఒప్పందం కుదిరింది. పని పద్ధతులు, సంక్షేమం, ఉత్పత్తి వంటి విషయాల మీద శాఖల స్థాయి నుంచి పై వరకు యాజమాన్యం, కార్మికులు కలిసి కూర్చునే ఉమ్మడి సంప్రదింపుల సంఘాలకు అది బాట వేసింది. మన దేశంలో అంత పెద్ద కర్మాగారంలో ఈ ఏర్పాటు అంతకాలం నిలవడం అరుదు. అయితే శాంతి అఖండంగా సాగిందనడం సరికాదు. 1958 మేలో కమ్యూనిస్టుల నాయకత్వంలోని సంఘం సమ్మెకు దిగింది, పరిస్థితి పోలీసు కాల్పుల దాకా వెళ్లింది. 1928 తరవాత తమ దగ్గర సమ్మె అన్నదే లేదని కంపెనీ తరఫున తరచుగా వినిపించే మాటలో 1958 ఇమడదు. ఆ ఏడాదిని దాటేసి జంషెడ్‌పూర్ కథ చెప్పడం కార్మికులకు అన్యాయం చేయడమే.

మోడీ పద్ధతి సూటిగా ఉండేది. ఉదయం ఎవరైనా వచ్చి కలవొచ్చు. క్వార్టరు ఇప్పించమని, కొడుక్కి ఉద్యోగం కావాలని, ఫోర్‌మన్ వేధిస్తున్నాడని చెప్పుకోవచ్చు. విన్నాక అవునో కాదో అప్పుడే చెప్పేవారు. ఆయన ‘కాదు’ అన్నా జనం మన్నించేవారు, ఎందుకంటే చెప్పులరిగేలా తిప్పుకునేవారు కాదు. షాపుల్లో తిరుగుతూ కార్మికులను పేరు పెట్టి పలకరించేవారు. శాఖల వారీగా వందల మందిని కూర్చోబెట్టుకుని వాళ్ల ప్రశ్నలకు బహిరంగంగా జవాబిచ్చేవారు. మన ఊళ్లలో ఎమ్మెల్యే ఇంటి ముందు పొద్దున్నే కనిపించే దృశ్యానికీ దీనికీ పెద్ద తేడా లేదు. ఓట్ల అవసరం లేని మనిషి ఈ పని చేయడమే విశేషం.

దీనికి మూల్యం కూడా ఉంది. ఉద్యోగుల పిల్లలకు ఉద్యోగమిచ్చే ఆనవాయితీ, ఎవరినీ తీసేయకూడదన్న నియమం కలిసి కంపెనీని బరువెక్కించాయి. 1990ల మొదట్లో ఉద్యోగుల సంఖ్య దాదాపు 78 వేలు. వచ్చే ఉక్కుతో పోలిస్తే ఇది చాలా ఎక్కువ. తరవాతి యాజమాన్యం స్వచ్ఛంద పదవీ విరమణ పథకాలతో పదేళ్లకు పైగా శ్రమించి దాన్ని దాదాపు సగానికి తగ్గించింది. మోడీ మంచితనానికి బిల్లు ఆయన తరవాత వచ్చినవాళ్లు కట్టారన్నది కఠినమైన మాటే కాని, తప్పు మాట కాదు. అదే సమయంలో ఇంకొకటి కూడా ఒప్పుకోవాలి. అంతమంది సంతకం పెట్టి, పెద్ద గొడవ లేకుండా గేటు బయటికి నడవడానికి ఆ పాత నమ్మకమే ఆధారమైంది.

1979: ప్రభుత్వం చేతికి పోకుండా

మోడీ మేనేజింగ్ డైరెక్టర్ అయ్యే నాటికి ప్రైవేటు రంగంలో మిగిలిన ఒకే ఒక్క సమగ్ర ఉక్కు కర్మాగారం జంషెడ్‌పూర్‌దే. బర్న్‌పూర్‌లోని ఇండియన్ ఐరన్ అండ్ స్టీల్ యాజమాన్యాన్ని 1972లో ప్రభుత్వం తీసేసుకుంది. ఆ చుట్టుపక్కల ఏళ్లలోనే బొగ్గు గనులు జాతీయమయ్యాయి. టాటాల సొంత గనులకు మాత్రం మినహాయింపు దొరికింది. ఉక్కు ధర నిర్ణయించేది ప్రభుత్వం అజమాయిషీలోని కమిటీ. విస్తరణకు లైసెన్సు కావాలి. పైగా టాటాల మాతృసంస్థ టాటా సన్స్ చేతిలో ఉన్న వాటా చాలా స్వల్పం. పెద్ద వాటా ప్రభుత్వ బీమా, ఆర్థిక సంస్థలది. ఢిల్లీ తలుచుకుంటే కంపెనీ చేతులు మారడానికి పెద్ద అడ్డంకి లేదు.

జనతా ప్రభుత్వ హయాంలో ఆ తలపు వచ్చింది. పరిశ్రమల మంత్రి జార్జి ఫెర్నాండెజ్, ఉక్కు మంత్రి బిజూ పట్నాయక్ కంపెనీని జాతీయం చేయాలన్నారు. బిజూ, పీలూ మోడీ ఇద్దరూ భారతీయ లోక్‌దళ్ గుండా జనతాలోకి వచ్చినవాళ్లే. పీలూ అప్పుడు రాజ్యసభ సభ్యుడు కూడా. తమ్ముడి పార్టీ ప్రభుత్వం అన్న కర్మాగారం మీద కన్నేసిన పరిస్థితి అది. అయితే దాన్ని ఆపడంలో బంధుత్వం కన్నా బలంగా పనిచేసింది కార్మిక సంఘం. తమకు ఈ యాజమాన్యమే కావాలని, ప్రభుత్వ యాజమాన్యం వద్దని టాటా వర్కర్స్ యూనియన్ ఢిల్లీకి గట్టిగా చెప్పింది. జాతీయీకరణను కార్మికులే వ్యతిరేకించిన సందర్భాలు మన దేశ చరిత్రలో బహు తక్కువ. ప్రతిపాదన వెనక్కి పోయింది. ఇరవై ఏళ్లుగా పొద్దున్నే వింటూ వచ్చిన ఆ అర్జీలే ఆ రోజు కంపెనీకి కోటగోడ అయ్యాయి. నా దృష్టిలో మోడీ జీవితంలో ఇంతకు మించిన విజయం లేదు.

ఆధునికీకరణ, ‘ఉక్కు కూడా’

పాత ఓపెన్ హార్త్ కొలుముల్లో ఒక విడత ఉక్కు కాచడానికి గంటల తరబడి పట్టేది. కరిగిన ఇనుములోకి పైనుంచి స్వచ్ఛమైన ఆక్సిజన్‌ను ఊదే ఎల్.డి. కన్వర్టర్‌లో అదే పని గంటలోపు అయిపోతుంది. విశాఖ ఉక్కు కర్మాగారం మొదటినుంచీ ఈ కన్వర్టర్లతోనే నడిచింది కాబట్టి తెలుగు పాఠకులకు ఈ పేరు తెలిసే ఉంటుంది. జంషెడ్‌పూర్‌లో 1980లలో మొదలైన దశలవారీ ఆధునికీకరణలో తొలి అడుగు 1983లో ఆ కన్వర్టర్ల షాపు. సామర్థ్యం పెంచడానికి ప్రభుత్వం సులువుగా ఒప్పుకోని కాలంలో, ఉన్న సామర్థ్యాన్నే కొత్త యంత్రాలతో నిలబెట్టుకునే మార్గం ఇది.

ఆ దశాబ్దంలోనే కంపెనీ ప్రకటనల్లో ‘మేం ఉక్కు కూడా తయారు చేస్తాం’ అనే వాక్యం దేశమంతా పాకింది. ఊరు, ఆసుపత్రులు, పల్లెల అభివృద్ధి, ఆటలు ముందు, ఉక్కు ఆ తరవాత అన్నది దాని భావం. 1987లో పెట్టిన టాటా ఫుట్‌బాల్ అకాడమీ నుంచి జాతీయ జట్టుకు ఎందరో ఆటగాళ్లు వచ్చారు. 1989లో ప్రభుత్వం మోడీకి పద్మభూషణ్ ఇచ్చింది. ఆయన జీవిత చరిత్ర 2008లో వెలువడినప్పుడు దాని ఆంగ్ల శీర్షిక కూడా ఆ ప్రకటన వాక్యం మీద అల్లిందే.

పద్మభూషణ్ వచ్చిన ఏడే ఒక ఘోరం జరిగింది. 1989 మార్చి 3న, జంషెడ్‌జీ టాటా 150వ జయంతి వేడుకల్లో పందిరికి నిప్పంటుకుని 60 మంది చనిపోయారు, వంద మందికి పైగా గాయపడ్డారు. ఎక్కువ మంది ఉద్యోగుల భార్యలు, పిల్లలు. బాధితుల కుటుంబాలు సుప్రీంకోర్టుకు వెళ్లాయి. పరిహారం లెక్క కట్టే పనిని కోర్టు మాజీ ప్రధాన న్యాయమూర్తి వై.వి. చంద్రచూడ్‌కు అప్పగించింది. 2001లో వెలువడిన లతా వాధ్వా కేసు తీర్పు, ఇంట్లో గృహిణి చేసే పనికీ చనిపోయిన పిల్లల ప్రాణానికీ పరిహారం ఎలా కట్టాలన్న దాని మీద నేటికీ కోర్టులు ఉదహరించే తీర్పుల్లో ఒకటి. ఆ కుటుంబాలకు తుది మాట దక్కడానికి పన్నెండేళ్లు పట్టింది. కన్నతండ్రిలాంటి కంపెనీ అని చెప్పుకునే చోట అది చిన్న ఆలస్యం కాదు.

పదవి పోయిన తీరు

టాటా సంస్థల అధిపతి జె.ఆర్.డి. టాటా తన కంపెనీల సారథులకు చాలా స్వేచ్ఛ ఇచ్చారు. ఉక్కులో మోడీ, రసాయనాలు, తేయాకుల్లో దర్బారీ సేఠ్, హోటళ్లలో అజిత్ కేర్కర్ ఎవరి రాజ్యం వాళ్లదిగా ఏలారు. పత్రికలు వాళ్లను సామంతులనేవి. 1991 మార్చిలో జె.ఆర్.డి. టాటా సన్స్ పగ్గాలు రతన్ టాటాకు అప్పగించారు. ఆ కుర్చీకి తగినవారిలో మోడీ పేరు కూడా వినిపించేది. అది దక్కలేదు.

అదే ఏడాది చివర్లో మోడీ పై స్థాయి అధికారుల మార్పులు ప్రకటించారు. వారసుడిగా అందరూ అనుకుంటున్న జె.జె. ఇరానీకి సమానంగా తనకు దగ్గరివారిని నిలబెట్టే ఏర్పాటు అది. ముందుగా బోర్డుతో సంప్రదించలేదన్న అభ్యంతరం వచ్చింది. అటు బోర్డు, ఇటు మోడీ, ఆ తగవు పత్రికలకెక్కింది. 1992లో ఇరానీ మేనేజింగ్ డైరెక్టర్ అయ్యారు. ఛైర్మన్లకు 75 ఏళ్ల వయోపరిమితి నియమాన్ని రతన్ టాటా అమల్లో పెట్టారు. మోడీకి 1993 జనవరిలో 75 నిండాయి. ఆయన పత్రికల ముందు తన అసమ్మతిని దాచుకోలేదు. 1993 ఏప్రిల్‌లో బోర్డు ఆయనను తప్పించింది. రతన్ టాటా ఛైర్మన్ అయ్యారు.

ఇందులో ఎవరిది న్యాయం అన్న ప్రశ్నకు నా జవాబు బోర్డుదే అని. యాభై నాలుగేళ్లు పనిచేసినా, ఊరంతా ఆయన వెనక ఉన్నా, కంపెనీ ఒక మనిషి సొత్తు కాదు. ప్రజాదరణ ఉన్న నాయకుడు పార్టీని ధిక్కరించి నెగ్గుకురావచ్చు, ఎందుకంటే తీర్పు చెప్పేది ఓటరు. కంపెనీలో తీర్పు చెప్పేది బోర్డు గది, అక్కడ కార్మికుడికి ఓటు లేదు. ఇంటి నుంచి వచ్చిన రాజకీయ విద్య మోడీకి ఈ ఒక్క తేడా దగ్గర అక్కరకు రాలేదు.

ఆ తరవాత

పి.వి. నరసింహారావు ప్రభుత్వం ఆయనను ఎయిర్ ఇండియా, ఇండియన్ ఎయిర్‌లైన్స్ రెండింటికీ ఛైర్మన్‌ను చేసింది. స్వయంగా విమానం నడిపే మోడీకి ఆ రంగం మీద ప్రేమ ఉంది. కాని ప్రభుత్వ సంస్థల్లో మంత్రిత్వ శాఖ మాటే చెల్లుతుంది. అక్కడ ఎక్కువ కాలం లేరు. కలకత్తాలో స్థిరపడి సొంత వ్యాపారం పెట్టుకున్నారు.

1998 లోక్‌సభ ఎన్నికల్లో జంషెడ్‌పూర్ నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. బి.జె.పి. అభ్యర్థి ఆభా మహతో గెలిచారు. ఆయన ఎందుకు ఓడిపోయారో చెప్పడానికి నియోజకవర్గం పటం చూస్తే చాలు. అది కంపెనీ క్వార్టర్లతో ముగియదు. ఘాట్‌శిల, పోట్కా, బహరాగోడా అడవి పల్లెల దాకా సాగుతుంది. ఆ పల్లెల్లోని ఆదివాసులకు ఉక్కు కంపెనీ అంటే తమ నేల తీసుకున్న సంస్థ కూడా. ఊళ్లో ఉన్నవాళ్లు సైతం మోడీ మీద అభిమానం ఒకటి, ఢిల్లీలో ఏ ప్రభుత్వం రావాలన్నది మరొకటి అని తేల్చుకున్నారు. తండ్రి, తమ్ముడు పార్టీల బలంతో నడిచినవాళ్లు. రుస్సీకి పార్టీ లేదు.

జంషెడ్‌పూర్‌లో ఆయన పేరిట ఒక కేంద్రం ఉంది. ఆయన హయాంలో పనిచేసిన కుటుంబాల్లో, తెలుగు ఇళ్లలో కూడా, ‘మోడీ సాబ్’ అంటే నేటికీ ఆయనే. 2014 మే 16న కోల్‌కతాలో 96 ఏళ్ల వయసులో కన్నుమూశారు. పదహారో లోక్‌సభ ఓట్ల లెక్కింపు జరిగింది ఆ రోజే. లెక్కించిన స్థానాల్లో జంషెడ్‌పూర్ కూడా ఉంది.